పిట్టల లెక్కకు పట్టాలు అక్కర్లేదు!

మొవ్వ: సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లవారుతూనే మొవ్వ నుంచి కూచిపూడి వైపు బయలుదేరితే, కోసిన వరి దుబ్బుల నడుమ మినుము పచ్చగా లేస్తూ కనిపిస్తుంది. గట్ల మీద తెల్లకొంగలు బారులు తీరి ఉంటాయి. మురుగు కాలువ అంచున గుడ్డికొంగ ఒకటి తపస్సు చేస్తున్నట్టు కదలక మెదలక నిలబడి ఉంటుంది. కరెంటు తీగ మీద పసుల పోలిగాడు కూర్చుని, ఎగిరే పురుగును గాలిలోనే పట్టుకుని మళ్లీ అదే చోటికి వచ్చి వాలుతుంది. ఈ ప్రాంతం వారికి ఇందులో వింతేమీ లేదు.

పొలం గట్టున పుట్టి పెరిగిన వారికి ఏ పిట్ట ఎప్పుడు వస్తుందో, ఏ చెట్టున గూడు కడుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. గేదెలు తోలుకెళ్లే పిల్లవాడికీ తెలుసు, చేపల చెరువు కాపలా కాసే మనిషికీ తెలుసు. కాని ఆ ఎరుక ఏ కాగితం మీదా లేదు. పాతికేళ్ల కిందట ఊరి చెరువులో ఎన్ని బాతులు దిగేవని అడిగితే, "బోలెడు" అన్న మాటే మిగిలింది. బోలెడు అంటే యాభయ్యా, అయిదు వేలా? ఇప్పుడు తగ్గాయా, పెరిగాయా? చెప్పగలవారు లేరు.

ఈ లోటు తీర్చుకునేందుకు ఏటా ఒక అవకాశం వస్తోంది. పక్షులను చూసి లెక్కించే పనికి స్వచ్ఛందంగా పేరు ఇచ్చేవారిని దేశమంతటా ఆహ్వానిస్తున్నారు. అంతకు ముందు పెద్దల ఉపన్యాసాలు, ఆపైన చెరువుల గట్లకు, మడ అడవులకు పర్యటనలు ఉంటాయి. పట్నాల నుంచి ఉద్యోగులు, విద్యార్థులు దుర్భిణులు మెడలో వేసుకుని వస్తున్నారు. రోజూ ఆ పక్షుల మధ్యనే తిరిగే పల్లెవాసులు మాత్రం, అదంతా చదువుకున్న వారి వ్యవహారమని దూరంగా ఉండిపోతున్నారు. ఆ అభిప్రాయం సరికాదు.

ఏమిటీ లెక్క?

నీటి పక్షుల అంతర్జాతీయ గణన 1967లో మొదలైంది. ఆసియా ఖండంలో 1987 నుంచి జరుగుతోంది. వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దీనికి పెద్ద దిక్కు. మన దేశంలో 1883లో బొంబాయిలో ఏర్పడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఇందులో ప్రధాన పాత్ర వహిస్తోంది. ప్రతి ఏటా జనవరి రెండు, మూడు వారాల్లో ఈ లెక్క సాగుతుంది. అంటే మనకు సరిగ్గా సంక్రాంతి రోజులన్నమాట. ఊరంతా కోడిపందేల కబుర్లలో మునిగి ఉన్న వేళ, వీరు జమ్ముకోళ్లనూ, నుదుట తెల్లని నామంతో ఉండే బొల్లికోళ్లనూ లెక్కపెడుతుంటారు.

జనవరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఉత్తరాన మంచు కురిసే దేశాల నుంచి బాతులు, ఉల్లంకి పిట్టలు చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తాయి. సుమారు 30 దేశాల మీదుగా సాగే వాటి ఆకాశమార్గంలో మన దేశం ఉంది. సూదితోక బాతు వంటివి చలి తగ్గగానే తిరుగు ప్రయాణం కడతాయి. జనవరిలో అవి ఒకచోట కుదురుగా ఉంటాయి గనుక లెక్కకు అనువు. అన్ని దేశాలలోనూ ఇంచుమించు ఒకే సమయంలో లెక్కిస్తే, ఒకే పక్షి రెండుచోట్ల లెక్కకు వచ్చే పొరపాటు కూడా తగ్గుతుంది.

రాసిపెట్టినందుకే తెలిసింది

లెక్క రాయడం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి మన పొరుగున ఉన్న కొల్లేరే సమాధానం చెబుతుంది.

1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ అధ్యాపకుడు కొల్లేరు పరిసరాలలో గూడబాతులు పిల్లలు పెట్టే స్థావరాన్ని చూశారు. గొంతు కింద సంచి వేలాడే ఈ పెద్ద పక్షులను ఇంగ్లీషులో పెలికాన్లు అంటారు. అప్పట్లో అక్కడ సుమారు 3,000 పక్షులు గూళ్లు పెట్టాయి. అవి అక్కడ ఉన్నాయని ఆ ఊళ్ల వారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. కాని నీలకంఠన్ చూసిన దానిని లెక్కతో సహా కాగితం మీద పెట్టారు. 1975 ప్రాంతానికి ఆ స్థావరం మాయమైంది. ఆయన రాసి ఉండకపోతే, అంత పెద్ద స్థావరం ఉండేదనీ, అది పోయిందనీ తర్వాతి తరాలకు రుజువు ఉండేది కాదు.

కొల్లేరును ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. కైకలూరు సమీపంలోని ఆటపాకలో అటవీశాఖ వారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెట్టగా, గూడబాతులు వాటిమీద గూళ్లు కట్టుకుంటున్నాయి. పోయిన దాని లెక్క తెలిసినప్పుడే తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల పుడుతుంది.

డిగ్రీ లేని శాస్త్రజ్ఞుడు

పెద్ద చదువు లేదని వెనుకాడేవారు సలీం అలీ గారి సంగతి తెలుసుకోవాలి. 1896లో పుట్టి 1987లో కన్నుమూసిన ఆయన భారతదేశపు పక్షి శాస్త్రానికి తాతవంటి వారు. చిన్నతనంలో గొంతున పసుపు మచ్చ ఉన్న ఒక పిచ్చుకను తుపాకితో కొట్టి, అదేమిటో తెలుసుకుందామని బొంబాయి సొసైటీ గడప తొక్కారు. అక్కడి నుంచే ఆయన జీవితం మలుపు తిరిగింది. విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంగా ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఆయనకు ఉద్యోగం దక్కలేదు. అటువంటి మనిషే 1930 దశకం తొలినాళ్లలో నైజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు. పట్టా లేకున్నా చూపు ఉంది, చూసింది రాసే అలవాటు ఉంది. ఈ పనికి కావలసినవి ఆ రెండే.

నెలకో ఉపన్యాసం, నెలకో ప్రయాణం

తెలుగునాట ఔత్సాహికులు ఒకచోట చేరడం కొత్తేమీ కాదు. 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 'పిట్ట' అనే అచ్చ తెలుగు పేరుతో సభ్యులకు వార్తాపత్రిక వెలువరించింది. నెలలో ఒకసారి హాలులో ప్రసంగం, ఒకసారి ఆరుబయట పర్యటన అన్న పద్ధతి పెట్టుకుంది. రాష్ట్ర విభజన తర్వాత అది డెక్కన్ బర్డర్స్ అన్న పేరుతో నడుస్తోంది.

ఇటువంటి సమావేశాలు దాదాపు ఒకే వరసలో సాగుతాయి. మొదటి పూట బొమ్మలు చూపిస్తూ, ఏ పక్షిని ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారు చెబుతారు. కొత్తవారిని, అనుభవజ్ఞులను కలిపి నలుగురయిదుగురు చొప్పున జట్లు కడతారు. మర్నాడు తెల్లవారుజామున ఒక్కో జట్టు తనకు కేటాయించిన చెరువుకో, కాలువకో, ఏటి మొగకో వెళుతుంది. చూసింది రాస్తుంది. తిరిగి వచ్చాక అందరూ కూర్చుని లెక్కలు సరిచూసుకుంటారు.

పేరు ఇచ్చేటప్పుడు

ముందుగా పేరు నమోదు చేయించుకోవడం ఆనవాయితీ. బండ్లు, పడవలు, భోజనాలు, బస ఏర్పాటు చేయాలంటే ఎందరు వస్తారో నిర్వాహకులకు తెలియాలి. అభయారణ్యంలోకి ప్రవేశించేందుకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి గనుక జాబితా ముందే వారికి అందాలి. ఆఖరి నిమిషంలో పదిమందిని వెంటబెట్టుకు వెళితే, రేవు దగ్గర నిలబడిపోవలసి వస్తుంది.

నమోదు పత్రంలో సాధారణంగా పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు, ఆపద వేళ కబురు చేయవలసిన వారి వివరం అడుగుతారు. పూర్వానుభవం ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ "లేదు" అని రాసి సిగ్గుపడనక్కర్లేదు. "ముప్పయ్యేళ్లుగా వ్యవసాయం, చేపల చెరువు" అని రాస్తే అదే పెద్ద అనుభవం. ఉబ్బసం, షుగరు, మూర్ఛ వంటివి ఉంటే దాచకూడదు. ఏటి మధ్యలో డాక్టరు దొరకడు. పిల్లలను పంపేటప్పుడు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. ఆడపిల్లలు వెళ్లేటప్పుడు బస ఎక్కడ, తోడు పెద్దలెవరు అన్నది ఇంటివారు ముందే విచారించుకోవడం మంచిది.

కొన్నిచోట్ల రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. రుసుము ఉంటే అందులో తిండి, ప్రయాణం కలిశాయో లేదో అడిగి, రసీదు తీసుకోవాలి. నిర్వాహకులెవరో తెలియకుండా ఫోనులో వచ్చిన కబురును నమ్మి డబ్బు పంపరాదు. సందేహం ఉంటే దివిసీమలోని అటవీ రేంజి సిబ్బందిని గాని, దగ్గరి కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకులను గాని అడిగితే నిజానిజాలు తెలుస్తాయి.

వెంట ఏమి ఉండాలి?

ఒక చిన్న నోటు పుస్తకం, రెండు పెన్సిళ్లు ఉండాలి. పెన్ను మంచుకూ, ఉప్పునీటికీ చెదిరిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. మంచినీళ్లు, తలకు తువ్వాలు, బురదలో ఊడిపోని చెప్పులు అవసరం. ఎర్రచొక్కా, మెరిసే చీర వద్దు. మట్టిరంగు బట్టలయితే పక్షులు బెదరవు. దుర్భిణి లేకపోయినా ఇబ్బంది లేదు, జట్టులో ఒకరి దగ్గర ఉంటే చాలు. ఫోనులో పాటలు మోగించకూడదు, గూళ్ల దగ్గరకు పోకూడదు, ఫొటో కోసం పక్షిని లేపకూడదు.

పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ అడిగి తొడుక్కోవాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి జిల్లా మరచిపోలేదు. ఈత వచ్చునన్న ధీమా ఏటి మొగలో పనికిరాదు. జాకెట్లు లేని పడవ ఎక్కబోమని చెప్పడం పిరికితనం కాదు.

పది చొప్పున లెక్క

వేల సంఖ్యలో వాలిన బాతులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎలా అన్న అనుమానం సహజం. దానికి సులువైన పద్ధతి ఉంది. గుంపులో ఒక మూల పది పక్షులను లెక్కించి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలుచుకోవాలి. అటువంటి మేరలు గుంపు మొత్తంలో ఎన్ని ఉన్నాయో చూసి పదితో హెచ్చవేయాలి. గుంపు మరీ పెద్దదయితే వంద చొప్పున. కళ్లంలో కుప్పను చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పగల రైతుకు ఇది వెన్నతో పెట్టిన విద్య.

పక్షుల సంఖ్యతో పాటు చోటు, తేదీ, వేళ, నీరు ఎంత ఉంది, చెరువుకు ఏ ముప్పు ఉంది అన్నవి కూడా రాయాలి. తెలియని పక్షిని తెలిసినట్టు రాయకూడదు. "బాతు, పేరు తెలియదు, 40" అని రాస్తే అది నిజమైన లెక్క. పెద్ద పేరు తగిలించి తప్పు రాస్తే మొత్తం కాగితం చెడుతుంది. ఒక్క పక్షీ కనిపించకపోతే సున్నా అని రాయాలి. ఏటేటా చూసేవారికి ఆ సున్నా కూడా కబురు చెబుతుంది.

ఇంగ్లీషు పేర్లు రావని బెంగ అక్కర్లేదు. లకుముకి పిట్ట, నీటికాకి, జెముడుకాకి, గిజిగాడు, పాలపిట్ట, తీతువు అని మన పేర్లే చెబితే జట్టులోని వారు వాటికి సరిపోయేవి రాసుకుంటారు. నిజానికి పట్నం నుంచి వచ్చినవారు ఊరివారి నోట వినగోరేది ఆ పేర్లనే.

సముద్రపు అంచున

మొవ్వ నుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరితే అక్కడి నుంచి మరో లోకం మొదలవుతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ ప్రాంతాల మడ అడవులను కలిపి 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 194 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం ఇప్పుడు కృష్ణా, బాపట్ల జిల్లాలలో పరచుకుని ఉంది. చేపలు పట్టి తినే బావురుపిల్లికి ఇది పుట్టినిల్లు. చలికాలంలో తీరపు ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు పురిటిల్లు. అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి, కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతోంది.

ఇక్కడ లెక్కకు వెళ్లేవారికి పోటు, పాటు తెలియాలి. పాటు వేళ నీరు వెనక్కి తీసి బురద తేలగానే ఉల్లంకి పిట్టలు గుంపులుగా మేతకు దిగుతాయి. పోటు వచ్చిందంటే పడవ దారీ మారుతుంది, పక్షుల చోటూ మారుతుంది. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. ఇవి పుస్తకాలలో చదివి వచ్చేవి కావు. అక్కడి మత్స్యకారులు చెబితేనే తెలుస్తాయి.

మడ అంటే వంటచెరుకేనని ఒకప్పుడు అనుకునేవారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి వేలాది ప్రాణాలను బలిగొన్నాక ఆ మాట మారింది. మడచెట్ల వేళ్లు, కొమ్మలు దట్టంగా అల్లుకుని అల జోరును తగ్గిస్తాయి. పక్షుల లెక్కకు వెళ్లినవారు అడవి ఎక్కడ పలచబడిందో కూడా రాసుకు వస్తారు. ఆ కాగితం పిట్టలకే కాదు, తీరాన కాపురం ఉండే మనుషులకూ పనికివస్తుంది.

రైతు సందేహం

ఇదిలా ఉండగా, పక్షులు ఉన్నాయని రాస్తే రేపు చెరువులకు, పొలాలకు ముప్పు రాదా అన్న భయం పలువురిలో ఉంది. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లను తొలగించిన సంగతి ఎవరూ మరువలేదు కనుక ఆ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. అయితే లెక్క వేరు, ప్రకటన వేరు. ఔత్సాహికుల లెక్కతో ఏ భూమీ అభయారణ్యం అయిపోదు. అందుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రక్రియలో స్థానికుల హక్కుల విచారణ ఉంటుంది. అటువంటి రోజు వచ్చినా, పొరుగువారి లెక్క మాత్రమే ఉండి రైతు లెక్క లేకపోవడమే అసలు నష్టం. ఏ నెలలో నీటికాకులు చేపపిల్లలను ఎంత తింటున్నాయో, ఏ నెలలో కొంగల వల్ల చేలకు మేలు జరుగుతోందో రైతే రాసిపెడితే అతని మాటకు బలం వస్తుంది.

మేలు లేకపోలేదు. ముక్కు నడుమ సందు ఉండే నత్తగుల్ల కొంగ వరి మడిలోని నత్తలను ఏరి తింటుంది. పసుల పోలిగాడు పచ్చపురుగును వదలదు. అందుకే చేలో పక్షి స్థావరాలు పాతమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. ఊళ్లో అరిస్తే కీడని తరిమేసే గుడ్లగూబ రాత్రిళ్లు ఎలుకలను వేటాడుతుంది. వలపన్ని బాతులను, కొంగలను పట్టి అమ్మడం చట్టరీత్యా నేరం. ఆ పనిలో ఉన్నవారికి పక్షుల రాకపోకలు అందరికన్నా బాగా తెలుసు. ఆ తెలివి వలకు కాక లెక్కకు ఉపయోగపడితే ఊరికి పేరు వస్తుంది.

ఊళ్లో ఉండే చేయవచ్చు

జనవరి దాటిపోయినా, ప్రయాణం కుదరకపోయినా నిరాశ పడనక్కర్లేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైన ఈ కార్యక్రమంలో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఇంటి అరుగు మీదనో, బడి ఆవరణలోనో కనీసం 15 నిమిషాలు కూర్చుని, కనిపించిన, వినిపించిన పక్షులన్నీ రాసి, ఈ-బర్డ్ అనే ఉచిత యాప్ ద్వారా పంపాలి. ఫోను వాడకం తెలిసిన పిల్లలు ఒక్క పూటలో నేర్చుకుంటారు. తాత పేరు చెబితే మనవడు నమోదు చేయవచ్చు. మన రాష్ట్ర పక్షి రామచిలుకతోనే మొదలుపెట్టవచ్చు.

మువ్వగోపాలుని మీద క్షేత్రయ్య పదాలు చెప్పి మూడు వందల ఏళ్లు దాటింది. పాడినవారు మరవకుండా అందించి, ఆపైన రాసిపెట్టినందువల్లే అవి నేటికీ కూచిపూడి గజ్జెలతో కలిసి వినిపిస్తున్నాయి. అదే మొవ్వ చేలల్లో రోజూ వినిపించే పిట్టల పాటకు మాత్రం ఇంకా రాతగాడు దొరకలేదు. వచ్చే సంక్రాంతికి ఊరికి ఇద్దరు చొప్పున పేరు ఇచ్చినా, "బోలెడు" అన్న మాట స్థానే ఒక అంకె మిగులుతుంది. ఆ అంకె మన మనవలకు అక్కరకు వస్తుంది.